అతిథుల చెప్పులు

ఎడంచేత్తో గోడ పట్టుకుని, ఒక కాలి బూటు మడమని రెండో కాలితో తొక్కిపెట్టి విప్పి, అటు చూడకుండానే కుడిచెయ్యి అరలోకి పెట్టింది నెనీత. రోజూ పొద్దున్నే చేసే పనే. చేతికి, బడి లోపల తొడుక్కునే బూట్ల మడమలు తగలాలి. తగల్లేదు. ఖాళీ పలక రేకు చల్లగా తగిలింది.

తల తిప్పి చూసింది. టీచర్లు వచ్చే ద్వారం పక్కన గోడ వెంబడి రేకు అరలు. ఒక్కొక్కరికి ఒక్కొక్క అర, దానికో చిన్న తలుపు, తలుపు మీద పేరు. లోపల మధ్యలో ఒక పలక, పైన ఒక జత, కింద ఒక జత పెట్టుకోవడానికి. నెనీతది అడుగు వరసలో చివరిది. తలుపు మీద ఆమె పేరు ఉండాల్సిన చోట పేరు లేదు. జిగురు మాత్రం బూడిదరంగు మరకై నలుచదరంగా మిగిలింది. పై పలక ఖాళీ. కింద మాత్రం ఎర్ర అంచు ఉన్న చిన్న బూట్లు ఎప్పటిలాగే ఒద్దికగా కూర్చుని ఉన్నాయి. అవి తొమ్మిదో తరగతి పిల్ల చిహారువి.

నెనీత మేజోళ్ళతో చల్లటి నేల మీద అలా నిలబడిపోయింది. ఆమెకి యాభై దాటాయి. పొట్టి మనిషి. జుట్టు వెనక్కి లాగి నల్ల రబ్బరుతో కట్టుకుంటుంది. మోకాళ్ళ దగ్గర పలచబడిన గోధుమరంగు ప్యాంటు, ఇవాళ బడి పండగని వేసుకున్న నీలం స్వెట్టరు. వందమందిలో ఉంటే కళ్ళు ఆమె మీద ఆగవు, పక్కవాళ్ళ మీదికి జారిపోతాయి.

"వచ్చేశారా నెనీత గారూ!" ఆఫీసు గుమాస్తా ఇవబుచి గబగబా వచ్చింది. కళ్ళజోడు గొలుసు ఊగుతోంది. "మీ బూట్ల కోసమేనా? నేనే తీశానండీ. నిన్నటితో మీ పనిదినాలు అయిపోయాయి కదా. ఇవాళ శనివారం, ఆఫీసుకి సెలవు కిందే లెక్క. అందుకని నిన్న సాయంత్రమే అర సర్దేశాను. మాసిన బూట్లు చేతికిచ్చి పంపడం బాగుండదని ఉతికాను కూడా. లోపల హీటరు పక్కన ఆరేశాను. సాయంత్రానికి ఆరిపోతాయి."

ఇలా చెబుతూనే ఆవిడ వంగి, రెండు చేతులతో ఒక జత చెప్పులు నెనీత ముందు పెట్టింది, వేళ్ళు లోపలికి తిరిగేలా, మర్యాదగా. గోధుమరంగు స్లిప్పర్లు. పైన బంగారు అక్షరాలతో బడి పేరు. బడికి వచ్చే అతిథుల కోసం ఉంచే చెప్పులవి.

"కొత్త జత. ఇప్పటిదాకా ఎవరూ వేసుకోలేదు," అంది ఇవబుచి.

"ఎందుకమ్మా నీకింత పని," అంది నెనీత. "సల్లటి నీళ్ళల్లో సేతులెట్టి ఉతికినావా? ఏటో, రునపడిపోనాను నీకు."

ఆమె మాట అలాగే ఉంటుంది. ఇంగ్లీషు చెప్పడానికి వచ్చే విదేశీ టీచరు, ఈ దేశపు మాట మాత్రం ఆపిల్ తోటలో ముసలమ్మలా మాట్లాడుతుందని పిల్లలకి నవ్వు. ఇరవై ఆరేళ్ళప్పుడు ఫిలిప్పీన్స్ నుంచి ఈ కొండల మధ్యకి పెళ్ళికూతురిగా వచ్చింది. భాష నేర్పింది బడి కాదు, అత్తగారు కినూ. చెట్టుకింద నిచ్చెన పట్టుకుని, "ఇదిగో, దీన్ని కొమ్మంటారు, దీన్ని తొడిమంటారు, తొడిమ ఇరిగితే పండు దండగ" అంటూ నేర్పింది. భర్త తోమియో మంచివాడే, మాట తక్కువ. పిల్లలు కలగలేదు. ఒక చలికాలం అతను మంచానపడి మంచు కరిగేలోపే పోయాడు, తర్వాత అత్తగారు పోయింది, తోట మరిది చేతికి వెళ్ళింది. కొన్నాళ్ళు అన్నం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆ తర్వాత ఒక కంపెనీ ఆమెని ఈ బడికి పంపింది. పదకొండేళ్ళుగా క్లాసులో అసలు టీచరు పక్కన నిలబడి, పాఠంలో వాక్యాలు పైకి చదువుతోంది. ఆమె చదివితే పిల్లలు తిరిగి చదువుతారు. అదీ ఉద్యోగం.

వచ్చే సోమవారం నుంచి ఆ వాక్యాలు గోడమీది తెరలో ఎవరో చదువుతారు. ఊరి విద్యాశాఖ కంపెనీతో ఒప్పందం మానేసింది. చదువుల ఏడాది ముగిసే మార్చిలో వెళ్ళిపోయే టీచర్లయితే అందరిముందూ వేదికెక్కి వీడ్కోలు చెబుతారు, పిల్లలు పూలిస్తారు. అక్టోబరు చివర్న వెళ్ళేవాళ్ళకి అలాంటి సభ లేదు. ఉపప్రధానోపాధ్యాయుడు కుమగాయి ఆమెని పక్కకి పిలిచి చాలాసేపు తల వంచి మాట్లాడాడు. "పండగ ముందు పిల్లల మనసు చెదరకూడదు. ముఖ్యంగా తొమ్మిదో తరగతి. సోమవారం నేనే చెప్తాను. అప్పటిదాకా దయచేసి..." ఆమె సరేనంది. ఆయన తొమ్మిదో తరగతి అన్నది చిహారు గురించేనని ఇద్దరికీ తెలుసు.

నెనీత గోధుమరంగు స్లిప్పర్లలో కాళ్ళు పెట్టింది. మడమ వెనక రెండు వేళ్ళ ఖాళీ. నడిస్తే టపటపమన్నాయి. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, తన అర తలుపుని పూర్తిగా తెరిచి గోడకి ఆనించింది. అలా ఉంటే పేరు లేని సంగతి కనిపించదు.

*

చిహారు ఒనోదెరా క్లాసుకి రావడం మానేసి ఏడాదిన్నర. కారణం అడిగితే చెప్పదు, బహుశా చెప్పడానికి ఒక్క కారణం లేదు. బడికి వస్తే నర్సు గదిలో కూర్చుంటుంది. పిల్లలు వచ్చే ద్వారం వైపు వెళ్ళదు, అక్కడ బూట్ల అరల దగ్గర గుంపు ఉంటుంది. అందుకని టీచర్ల ద్వారంలోంచి వచ్చి, తన లోపలి బూట్లని నెనీత అరలో కింది పలక మీద పెట్టుకుంటుంది. అలా పెట్టుకోమని చెప్పింది నెనీతే. "నాకు రెండు అంతస్తులెందుకే, కింద నువ్వుండు," అంది.

వాళ్ళ స్నేహం సంగీతం గదిలో మొదలైంది. భోజనాల వేళ నెనీత తన డబ్బా పట్టుకుని ఖాళీ గది వెతుక్కునేది. ఒకరోజు సంగీతం గదిలో చిహారు పియానో వాయిస్తోంది. కిటికీలోంచి గాలికి స్వరాల కాగితాలు ఎగిరిపోతుంటే నెనీత వెళ్ళి చేత్తో పట్టుకుంది. చిన్నప్పుడు వాళ్ళ ఊరి చర్చిలో పిన్ని ఆర్గన్ వాయిస్తుంటే పేజీలు తిప్పింది నెనీతే. ఎప్పుడు తిప్పాలో చేతికే తెలుసు. మర్నాడు ఇంటి బాల్కనీ తీగ మీంచి బట్టల క్లిప్పు ఒకటి తెచ్చి కాగితాలకి పెట్టింది. చెక్క క్లిప్పు, ఎండకీ మంచుకీ తెల్లబడింది.

ఈ పండగలో తరగతులన్నీ పాటల పోటీకి దిగుతాయి. తొమ్మిదో తరగతి పియానో అమ్మాయి వాలీబాల్ ఆడుతూ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇంకెవరికీ రాదు. క్లాసు టీచరు నర్సు గదికొచ్చి అడిగితే చిహారు నేలకేసి చూస్తూ, "నెనీత టీచర్ పక్కన కూర్చుంటే వాయిస్తాను," అంది. అంత పొడుగు మాట ఆ పిల్ల నోట్లోంచి వచ్చి చాలా కాలమైంది.

ఇవాళ వస్తుందా లేదా అన్నదే నెనీత గుండెల్లో పొద్దుటినుంచీ.

బడి నిండా జనం. రంగుకాగితాల గొలుసులు, చేతితో రాసిన బోర్డులు. మెట్ల దగ్గర తల్లిదండ్రులు వేయించిన నూడుల్స్ పొగ. టపటపమంటూ నెనీత అటూ ఇటూ తిరిగింది. చూసినవాళ్ళు పలకరించారు, ఫొటోలు తీసిపెట్టమన్నారు. తీసిపెట్టింది.

రెండో అంతస్తులో ఎనిమిదో తరగతి వాళ్ళు క్లాసుని నల్ల తెరలతో దయ్యాలకొంపగా మార్చారు. గుమ్మంలో రక్తం పూసుకున్న కుర్రాడు ఆమె కాళ్ళకేసి చూశాడు.

"టీచర్, నడవండి, ఇంకోసారి నడవండి!"

"ఏటిరా?"

"ఆ చప్పుడు! మా దయ్యం కన్నా నయం. మా దయ్యానికి మేజోళ్ళే, అడుగు వినపడట్లేదు, జనం నవ్వుతున్నారు. లోపలికొచ్చి తెర వెనక నడుస్తారా? కాసేపే."

"నన్ను దయ్యాన్ని సేత్తారా?"

"కనపడక్కర్లేదు టీచర్. చప్పుడు చాలు."

ఆమె నవ్వి లోపలికి వెళ్ళింది. చీకట్లో, బొగ్గు వాసన కొట్టే తెర వెనక, గోడ పొడుగునా ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. టప్. టప్. అవతల ఆడపిల్లలు కేకలు పెట్టారు. ఎవరో ఏడిచినంత పనిచేశారు. "అదిరింది టీచర్, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా," అని గుసగుస. తనని చూడకుండానే తన అడుగులకి వాళ్ళు బెదురుతుంటే నెనీతకి మొదట సరదాగా ఉంది. కాసేపటికి ఆ సరదా పోయింది. నడుస్తూనే ఉంది.

బయటికొచ్చి కింద ద్వారం దగ్గరికి వెళ్ళి చూసింది. ఎర్ర అంచు బూట్లు అరలోనే ఉన్నాయి. పిల్ల ఇంకా రాలేదన్నమాట. నూడుల్స్ తీసుకుంది, సగం తింది. మళ్ళీ వెళ్ళి చూసింది. ఉన్నాయి.

మూడోసారి వెళ్ళేసరికి అర తలుపు మూసి ఉంది. తెరిచి ఉన్న తలుపుని చూస్తే ఇవబుచి చెయ్యి ఊరుకోదు. జిగురు మరక అందరికీ కనిపించేలా ఎదురుగా ఉంది. నెనీత తలుపు లాగింది. ఎర్ర అంచు బూట్లు లేవు. వాటి స్థానంలో బయట తొడుక్కునే చిన్న బూట్లు, మడమలకి తడి మట్టి.

వచ్చింది. వచ్చి ఈ తలుపు చూసింది.

*

జిమ్ హాల్లో వేదిక పక్కన, తెర చాటున, తొమ్మిదో తరగతి వరసలో నిలబడి ఉంది. ముందు తరగతి పాట చివరి చరణంలో ఉంది. ముందు నిలబడి చేతులూపి పాట నడిపించే రెంటారో అద్దం లేకుండానే జుట్టు సర్దుకుంటూ, "ఒనోదెరా, నేను తప్పు ఊపినా నువ్వు నన్ను పట్టించుకోకు, నీ దారిన నువ్వు పో. మేం నీ వెనకే వస్తాం," అన్నాడు. నవ్వారు. చిహారు కూడా పెదవి కదిపింది.

ఆమె గోడ పక్కన స్వరాల కాగితాలు గుండెలకి ఆనించుకుని నిలబడింది. సన్నటి పిల్ల, నుదుటి మీద జుట్టు కళ్ళలోకి పడేలా. నెనీత టపటపమంటూ దగ్గరికొచ్చింది. పిల్ల ఆ కాళ్ళకేసే చూస్తోంది.

"టీచర్. అవి అతిథుల చెప్పులు కదా."

"నా బూట్లు ఉతికినారే. తడిగున్నాయి." అబద్ధం కాదు. అబద్ధం కానందుకే ఇంకా బరువుగా ఉంది.

"పేరు కూడా ఉతికేశారా?"

నెనీత నోరు తెరిచింది. కుమగాయి వంచిన తల గుర్తొచ్చింది. సరేనని తను అన్న మాట గుర్తొచ్చింది. ఇప్పుడు చెబితే ఈ పిల్ల వెనక్కి తిరిగి, ఆ చిన్న బూట్లు తొడుక్కుని వెళ్ళిపోవచ్చు. ఇరవైతొమ్మిది మంది పియానో లేకుండా నిలబడతారు, దానికి కారణం మళ్ళీ ఈ పిల్లే అవుతుంది. చెప్పకపోతే, సోమవారం ఎవరో మూడో మనిషి నోట వింటుంది. ఆమె చిహారు భుజం మీద దారప్పోగు లేకపోయినా ఉన్నట్టు తీసి పారేసింది.

అవతల చప్పట్లు మోగాయి.

"ఎప్పటినుంచి?" అంది చిహారు.

"సోమవారం."

ఒక్క మాటే. పిల్ల మొహంలో ఏమీ కదల్లేదు. కాగితాలని ఇంకాస్త గట్టిగా హత్తుకుంది, అంతే. వరస కదిలింది. రెంటారో వెనక్కి తిరిగి, "పదండి పదండి" అన్నాడు. పిల్లలంతా వేదిక మీదికి ఎక్కుతున్నారు. చిహారు కదల్లేదు.

నెనీత ఆమె పక్కనే ఆగింది.

"చివరి పేజీ నేనే తిప్పుకుంటా," అంది చిహారు.

"అక్కడ రెండు సేతులూ ఆడాలి కదే. ఎడంసెయ్యి తీత్తే కింది సరం పోతాది."

"పోనీ. సోమవారం నుంచి ఎవరు తిప్పుతారు మరి?"

అని వెళ్ళింది. వేదిక మీద వెలుగులోకి, తల వంచుకుని, కానీ ఆగకుండా.

చెప్పుల చప్పుడు హాలంతా వినబడుతుంది. నెనీత వాటిని తెర చాటున విడిచిపెట్టి ఉత్త మేజోళ్ళతో వెళ్ళి పియానో పక్కన, ఎడంవైపు, పొట్టి కుర్చీలో కూర్చుంది. బొటనవేలి దగ్గర మేజోడుకి తను వేసుకున్న కుట్టు కనిపిస్తుంటే కాలు మీద కాలు పెట్టి దాచుకుంది. చిహారు కాగితాలు పెట్టి, పైన క్లిప్పు పెట్టింది.

పాట ఊరి కొండల గురించి. మొదట పియానో ఒంటరిగా, కొండ మీద పొగమంచులా నెమ్మదిగా వస్తుంది, ఆ తర్వాత గొంతులు. చిహారు వేళ్ళు మొదట్లో బిగుసుకుని ఉన్నాయి, గొంతులు కలిసాక వదులయ్యాయి. పేజీ చివరికొచ్చేసరికి గడ్డం రవ్వంత ఎత్తింది. అది వాళ్ళ సైగ. నెనీత లేచి, నీడ కీబోర్డు మీద పడకుండా చెయ్యి పైనుంచి పోనిచ్చి, క్లిప్పు వదులు చేసి, మూల పట్టుకుని తిప్పింది. కూర్చుంది. మళ్ళీ గడ్డం. మళ్ళీ తిప్పింది. మగపిల్లల గొంతులు పగిలినా నిలబడ్డాయి. రెంటారో చేతులు తప్పాయి, ఎవరూ తప్పలేదు.

చివరి పేజీ వచ్చింది. నెనీత అలవాటుకొద్దీ సగం లేచింది. చిహారు గడ్డం ఎత్తలేదు. ఎడంచెయ్యి తీసి, క్లిప్పు లాగి, పేజీ తానే తిప్పింది. కింది స్వరం పోయింది. పాట కింద నేల ఒక్క క్షణం లేనట్టయింది, గొంతులు గాల్లో వేలాడాయి. తర్వాత ఎడంచెయ్యి వచ్చి వాటిని అందుకుంది. హాల్లో ఎవరూ గమనించి ఉండరు. నెనీత చెయ్యి మాత్రం ఎత్తినచోటే ఉండిపోయింది. నెమ్మదిగా దించి ఒళ్ళో పెట్టుకుంది.

చప్పట్లు. పిల్లలు దిగుతూ చిహారుని మధ్యలోకి లాక్కున్నారు, వీపు మీద చరిచారు. ఆ పిల్ల భుజాలు ముడుచుకుంది గానీ తప్పించుకోలేదు. గుంపుతో పాటే వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. చూస్తుందేమోనని నెనీత తెర పక్కన చెప్పులు వేసుకోకుండా కాసేపు నిలబడింది.

*

సాయంత్రానికి పండగ విప్పెయ్యడం మొదలైంది. అక్కడ ఏ పండగా మర్నాటికి మిగలదు. దయ్యాలకొంప నల్ల తెరలు మడతలయ్యాయి, బోర్డులు చీరి సంచుల్లో కుక్కారు. నెనీత కుర్చీ ఎక్కి కాగితాల గొలుసులు విప్పి కింద ఉన్న పిల్లలకి అందించింది. "జాగర్త, మెల్లగా లాగు, గోడ రంగు రాలతాది," అని చెబుతూ. పిల్లలు, "సోమవారం కలుద్దాం టీచర్!" అని చేతులూపి వెళ్ళారు. "ఎల్లిరండి," అంది ఆమె.

కుమగాయి మిఠాయి పెట్టె తెచ్చి రెండు చేతులా ఇచ్చాడు. "ఇన్నాళ్ళూ..." అని మళ్ళీ తల వంచాడు. ఆమె అంతకన్నా కిందికి వంచింది. చిహారుకి తెలిసిపోయిందని చెబుదామనుకుంది. ఆయన మొహం అలిసిపోయి ఉంది. చెప్పలేదు. రేపు పొద్దున్న రైలు. దూరపు జిల్లాలో మేనత్త కూతురు ఉంటోంది. అక్కడ కూడా అన్నం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీ ఉందట.

ఆఫీసు గది దగ్గర ఇవబుచి హీటరు ఆపుతోంది.

"బూట్లా? తీసుకెళ్ళిందిగా ఆ అమ్మాయి. ఒనోదెరా. మీరే పంపారనుకున్నాను. ఇంకా కొంచెం తడిగానే ఉన్నాయి, చెప్పాను. పర్లేదు అంది."

నెనీత ద్వారం దగ్గరికి వెళ్ళింది. ఎవరూ లేరు. బయట దీపం వెలిగించారు. స్లిప్పర్లు విప్పి, లోపలివైపు కర్చీఫుతో తుడిచి, అతిథుల అరలో మిగతావాటి పక్కన పెట్టింది. పొద్దున్న గుమ్మం పక్కన విడిచిన తన బయటి బూట్లు తొడుక్కుని, అప్పుడు చూసింది.

అర తలుపు గోడకి ఆనించి తెరిచి ఉంది. కింది పలక మీద ఎర్ర అంచు బూట్లు. పై పలక మీద ఆమె బూట్లు. తెల్లగా ఉతికిన గుడ్డబూట్లు, ముందుభాగం ఇంకా తడికి నల్లగా, మడమలు బయటికి, పొద్దున్నే చెయ్యి పెడితే అందేలా. పలక అంచుకి స్వరాల కాగితం మూల చింపిన ముక్క, దాని మీద పెన్సిలుతో ఆమె పేరు.

ఆమె వంగి చెయ్యి పెట్టింది. మడమలు తగిలాయి. తడి, చల్లదనం. తీసి సంచిలో వేసుకుంటే సంచి తడుస్తుంది, అదేం పెద్ద సంగతి కాదు. సోమవారం పొద్దున్న ఇవబుచి చూస్తే మళ్ళీ తీసేస్తుంది, అదీ తెలుసు. కానీ ఇవబుచి కన్నా ముందు ఈ ద్వారంలోంచి ఆ పిల్ల వస్తుంది. వచ్చి, కింది జత తీసుకోవడానికి వంగుతుంది.

నెనీత చెయ్యి వెనక్కి తీసుకుంది. మిఠాయి పెట్టె సంచిలో సర్దుకుని, తలుపుని ఉన్నట్టే ఉంచి, మెట్లు దిగి బస్సు స్టాపు వైపు నడిచింది. బయటి బూట్లకి చప్పుడు లేదు.

ద్వారం గాలికి ఆ కాగితం ముక్క కొంచెం కొంచెం ఎగురుతోంది. ఎగిరిపోకుండా దాన్ని పలక అంచుకి పట్టుకుని ఉంది, ఎండకీ మంచుకీ తెల్లబడిన చెక్క క్లిప్పు.